అతిథి మంచం మీద ఏ దుప్పటి?

డిసెంబరు, జనవరి నెలల్లో అరకు, లంబసింగి వైపు వెళ్లేవాళ్లకు ఇప్పుడు బసకు కరువు లేదు. ఇంటి మీద రెండు గదులు లేపి హోమ్‌స్టే బోర్డు పెట్టినవాళ్లు, విశాఖలో ఖాళీ ఫ్లాటును రోజుల లెక్కన అద్దెకిచ్చేవాళ్లు, గచ్చిబౌలిలో సర్వీస్ అపార్ట్‌మెంట్లు నడిపేవాళ్లు, అందరికీ మంచం, పరుపు కొన్నాక ఎదురయ్యే ప్రశ్న ఒకటే: దాని మీద ఏ దుప్పటి పరవాలి? బట్టల షాపులో దీనికి జవాబు చెప్పేది చేతివేళ్లు. మెత్తగా జారితే మంచిది, ప్యాకెట్ మీద ‘థ్రెడ్ కౌంట్ 600’ అని ఉంటే మరీ మంచిది. సొంత ఇంటికైతే ఈ పద్ధతిలో పెద్ద నష్టం లేదు. ఇంట్లో దుప్పటి వారానికో పదిరోజులకో ఉతుకుతాం, దాని మీద పడుకునేది మనవాళ్లే. అద్దె గదిలో దుప్పటిని అతిథి ఖాళీ చేసిన ప్రతిసారీ ఉతకాలి. నిన్న దాని మీద పడుకున్నది ఎవరో ఇవాళ పడుకోబోయేవారికి తెలియదు, గది యజమానికీ పేరూ ఆధార్ నకలూ తప్ప పెద్దగా తెలియదు. అందుకని ఇక్కడ ఎంపికను చివరినుంచి మొదలుపెట్టాలి. బట్టమీద చేరేదేమిటి, దాన్ని వదిలించేదేమిటి, ఆ వదిలించే పనిని ఏళ్ల తరబడి తట్టుకునే బట్ట ఏది అన్న వరసలో ఆలోచిస్తే, షాపువాడు ముందు చూపించే సరుకులో సగం పక్కకు పోతుంది.

ఒక రాత్రి నిద్రలో దుప్పటికి అంటేవాటిలో కంటికి కనిపించేది తక్కువ. రాలిన చర్మపు పొలుసులు, చెమట, దానితో వచ్చే ఉప్పు, యూరియా ఉంటాయి. అన్నిటికన్నా మొండిది చర్మగ్రంథుల్లో ఊరే జిడ్డు. ఉప్పూ యూరియా నీళ్లలో కరుగుతాయి, మామూలు జాడింపుకే వదులుతాయి. జిడ్డు అలా వదలదు. అందులో ట్రైగ్లిజరైడ్లు, మైనంలాంటి ఎస్టర్లు, స్క్వాలీన్ అనే నూనె ఉంటాయి. ఉతుకులో పోకుండా మిగిలిన జిడ్డు గాలిలోని ఆక్సిజన్ తగిలి మెల్లమెల్లగా పచ్చబడుతుంది. దిండు గలీబు మీద తల ఆనేచోట కొన్నాళ్లకు తేలే పచ్చటి మచ్చను చెమట మరక అంటారు గానీ, అందులో ఎక్కువ పాలు ఈ పాతబడ్డ జిడ్డుదే. మన వైపు దీనికి తలనూనె తోడవుతుంది. కొబ్బరినూనె దాదాపు 24 డిగ్రీల సెల్సియస్ దగ్గర పేరుకుంటుంది. లంబసింగిలో చలికాలం తెల్లవారుజామున ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి దిగుతుంది, ట్యాంకు నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతాయి. ఆ నీళ్లలో గలీబు ముంచి ఎంత సబ్బు రుద్దినా పోగుల సందున పేరుకున్న నూనె సరిగ్గా కదలదు. ఆరాక చూస్తే గలీబు తెల్లగానే ఉంటుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటేనే సంగతి తెలుస్తుంది.

జిడ్డు కంటికీ ముక్కుకీ సంబంధించిన ఇబ్బంది. ప్రాణమున్నవాటి సంగతి వేరు. చర్మపు పొలుసులు తిని బతికే ధూళి పురుగులు సాలీడు జాతికి దగ్గరి చుట్టాలు, కంటికి ఆనవు. ఉబ్బసం, తుమ్ములు ఉన్నవారికి ఇబ్బంది కలిగించేది ముఖ్యంగా వాటి మలంలోని ప్రోటీన్లు. అవి నీళ్లు తాగవు, గాలిలోని తేమనే పీల్చుకుంటాయి, కాబట్టి విశాఖలాంటి తీరపు ఊరు వాటికి అనువైన చోటు. తర్వాత గజ్జి పురుగు. మనిషి ఒంటిని వదిలితే అది రెండు మూడు రోజులకు మించి బతకదు, కానీ అద్దె గదిలో ఆ రెండు మూడు రోజుల్లో ఇద్దరు ముగ్గురు అతిథులు మారిపోవచ్చు. ఇక నల్లి. మన దేశంలో బాగా కనిపించేది ఉష్ణమండలపు జాతి. అది రోగాలు అంటిస్తుందని రుజువు కాలేదు, అయినా ఒక్క నల్లి కుట్టిందంటే గది పేరు పోయినట్టే. తిండి లేకుండా నెలల తరబడి నక్కి ఉండగలదు, సూట్‌కేసు కుట్ల సందున దూరి ఒక ఊరినుంచి ఇంకో ఊరికి ప్రయాణం చేయగలదు.

వీటిని వదిలించే పనికి ఒక లెక్క ఉంది. జర్మనీలో హెంకెల్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త హెర్బర్ట్ సిన్నర్ 1959లో దాన్ని ఒక వృత్తంగా గీసి చూపించాడు. శుభ్రత నాలుగింటివల్ల వస్తుంది: రసాయనం, రాపిడి, వేడి, సమయం. వీటిలో ఒకటి తగ్గితే మిగతావి ఆ మేరకు పెరగాలి. సిన్నర్ పేరు వినకుండానే మన చాకిరేవుల్లో ఈ నాలుగూ పనిచేశాయి. చౌడునేలల మీద తెల్లగా పూసే ఉప్పులో సోడియం కార్బొనేట్ ఉంటుంది, అంటే చాకలిసోడా. ఆ చౌడునీళ్లలో తడిపిన బట్టలను బానలో పెట్టి కింద పొయ్యి రాజేసి ఉడికించేవారు, తర్వాత బండకేసి బాదేవారు, ఆపైన ఎండ. రజకుల చేతిలో నలిగిన నేతబట్టలు ఆ ఉడుకును తట్టుకుని ఏళ్లపాటు నిలిచాయి. ఇంటికి వాషింగ్ మెషీన్ వచ్చాక ఆ నాలుగింటిలో రసాయనం బాగుపడింది, రాపిడికి మోటారు వచ్చింది, వేడి మాత్రం జారిపోయింది. మన ఇళ్లలో చాలా టాప్‌లోడ్ మెషీన్లకు నీళ్లు కాచే హీటరే ఉండదు, కుళాయిలో ఎలా వస్తే అలాగే ఉతుకుతాయి.

దీనికి వచ్చే అభ్యంతరం బలమైనదే. ఇప్పటి డిటర్జెంట్లలో ఎంజైములు ఉన్నాయి, అవి చల్లని నీళ్లలోనే కొవ్వునూ ప్రోటీన్‌నూ విరగ్గొడతాయి, కరెంటు దండగ చేసి వేడి ఎందుకు అంటారు. మురికి మట్టుకు ఈ మాటలో చాలా నిజం ఉంది. ధూళి పురుగుల అలర్జీ కారకం కూడా నీళ్లలో కరిగేదే, చల్లని ఉతుకులోనే చాలావరకు కొట్టుకుపోతుంది. కానీ పురుగు చావదు. మెక్‌డొనాల్డ్, టోవీ అనే పరిశోధకులు 1992లో ప్రచురించిన ప్రయోగంలో 55 డిగ్రీలు, అంతకు మించిన నీళ్లలోనే ధూళి పురుగులన్నీ చచ్చాయి. గజ్జి పురుగుకు 50 డిగ్రీల వేడి పది నిమిషాలు చాలు. నల్లుల మీద నేలర్, బోస్ 2010లో చేసిన పరీక్షల్లో 60 డిగ్రీల ఉతుకు గుడ్లతో సహా అన్ని దశలనూ చంపింది. చల్లని నీళ్లలో రోజంతా నానబెడితే తిరిగే నల్లులు చచ్చాయి, గుడ్లకు ఏమీ కాలేదు. బ్రిటన్‌లో ఆసుపత్రి బట్టలకు పెట్టిన నియమం 65 డిగ్రీలు పది నిమిషాలు, లేదా 71 డిగ్రీలు మూడు నిమిషాలు. మన హోమ్‌స్టే ఆసుపత్రి కాదు, ఆ నియమం దీనికి అక్కర్లేదు. పది మంది అతిథుల్లో తొమ్మిది మంది దుప్పట్లకు మంచి డిటర్జెంటూ పూర్తిగా ఆరబెట్టడమూ చాలేమో. చిక్కంతా ఆ పదోవారు ఎవరో ముందు తెలియకపోవడంలోనే ఉంది. తెలియనప్పుడు అందరి దుప్పట్లకూ 60 డిగ్రీలే మేలు.

ఖర్చు సంగతి కూడా లెక్కవేసి చూడవచ్చు. ఫ్రంట్‌లోడ్ మెషీన్‌లో అసలు ఉతుకుకు 15 లీటర్ల నీళ్లు కాగుతాయనుకుందాం. 25 డిగ్రీల నుంచి 60కి తేవడానికి పట్టేది దాదాపు 0.6 యూనిట్ల కరెంటు. లంబసింగి చలికి నీళ్లు పది డిగ్రీల దగ్గర ఉన్నా 0.9 యూనిట్‌కు మించదు. బట్టలూ డ్రమ్మూ వేడెక్కడానికి పోయేది కలుపుకున్నా ఒక ఉతుకుకు ఒక యూనిట్‌కు అటూ ఇటూ. గది అద్దె పక్కన ఇది లెక్కలోకే రాదు. హీటర్ లేని మెషీన్ ఉన్నవాళ్లు గీజరు నీళ్లో, మిద్దెమీది సోలార్ హీటరు నీళ్లో పోసుకోవచ్చు. అయితే ఆ మెషీన్ టబ్బు ఎంత వేడిని భరిస్తుందో మాన్యువల్‌లో చూసుకోవాలి. అదీ కుదరకపోతే పెద్ద స్టీలు డేగిసాలో 70 డిగ్రీల నీళ్లు పోసి డిటర్జెంటు కలిపి అరగంట నానబెట్టి, తర్వాత మెషీన్‌లో వేయడం. బాన పద్ధతే, చౌడు లేదంతే. ఒక జాగ్రత్త: నెత్తురు మరక ఉన్న దుప్పటిని ముందు చల్లని నీళ్లలోనే జాడించాలి. వేడి తగిలితే అందులోని ప్రోటీన్ గడ్డకట్టి పోగుకు అంటుకుపోతుంది.

ఇప్పుడు బట్ట దగ్గరికి రావచ్చు. వారానికి రెండు మూడుసార్లు 60 డిగ్రీల క్షారపు నీళ్లలో మునిగి తేలే బట్ట కావాలి. పత్తిపోగు దాదాపు అంతా సెల్యులోజ్. ఆమ్లం దాన్ని తినేస్తుంది గానీ క్షారానికి అది జంకదు. పైగా తడిసిన పత్తిపోగు పొడిగా ఉన్నప్పటికన్నా కొంచెం బలంగా ఉంటుంది, పోగులు నీళ్లలో నలిగే వేళకు ఇంతకన్నా పనికొచ్చే గుణం ఇంకేముంది? వెదురు దుప్పట్లంటూ షాపుల్లో పట్టులా జారే సరుకును చూస్తే ఈ తేడా తెలుస్తుంది. వాటిలో చాలావరకు వెదురు గుజ్జును రసాయనాల్లో కరిగించి తీసిన విస్కోస్. దాన్ని వెదురు నార అని అమ్మడం మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2009లోనే చర్యలు మొదలుపెట్టింది. తడిసినప్పుడు విస్కోస్ బలం దాదాపు సగానికి పడిపోతుంది. ఇంట్లో మెల్లగా ఉతుక్కునేవారికి అది సుఖమైన బట్టే, రోజు మార్చి రోజు ఉతికే గదికి కాదు. పాలిస్టర్ బలానికి లోటు లేదు, త్వరగా ఆరుతుంది, ముడతపడదు. కానీ మామూలు గాలిలో పత్తి తన బరువులో ఎనిమిది శాతం దాకా తేమ పట్టుకుంటే పాలిస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. ఉక్కపోతలో దాని మీద పడుకున్నవారి వీపుకు ఈ అంకెలు చెప్పనక్కర్లేదు. నీటిని దూరం పెట్టే ఆ పోగు నూనెను మాత్రం దగ్గరికి తీసుకుంటుంది, అందుకే జిడ్డు వాసన దాని మీద ఎక్కువ కాలం నిలుస్తుంది.

థ్రెడ్ కౌంట్ అంటే చదరపు అంగుళంలో పడుగు పేక పోగులు కలిపి ఎన్ని ఉన్నాయన్న లెక్క. ఒక హద్దు దాకా అది నాణ్యతకు గుర్తే. ఒంటిపోగు నూలుతో చదరపు అంగుళంలో నాలుగైదు వందలకు మించి ఇరికించడం కష్టం. అంతకన్నా పెద్ద అంకెలు చాలాసార్లు రెండు పేటలు, మూడు పేటలు మెలిపెట్టిన దారాన్ని పేటల లెక్కన లెక్కించడంవల్ల వస్తాయి. పైగా ఎక్కువ పోగులు ఇరికించాలంటే నూలు సన్నబడాలి, సన్ననూలు త్వరగా నలుగుతుంది. లేబులు మీద రాసినదంతా నమ్మడానికి లేదని 2016లో ప్రపంచమంతా చూసింది. ఈజిప్షియన్ కాటన్ పేరుతో వచ్చిన ఏడున్నర లక్షల దుప్పట్లలో, గలీబుల్లో వేరే పత్తి ఉందంటూ అమెరికా దుకాణాల సంస్థ టార్గెట్ మన దేశపు వెల్‌స్పన్‌తో వ్యాపారం తెంచుకుంది. అంకె కన్నా నేత ముఖ్యం. ఒక పోగు పైన, ఒక పోగు కింద పోయే సాదా నేతను పర్కేల్ అంటారు. అది కొత్తలో కొంచెం గరుకుగా పెళపెళలాడుతుంది, ఉతికేకొద్దీ మెత్తబడుతుంది. శాటీన్ నేతలో పోగు మూడు నాలుగింటి మీదుగా తేలుతుంది కాబట్టి షాపులో నిగనిగలాడుతుంది. ఆ తేలిన పోగే గాజులకూ కాలిగోళ్లకూ తగులుకుని లేస్తుంది, పదేపదే ఉతికితే ఉండలు కడుతుంది. అద్దె గదికి 200 నుంచి 300 లోపు సాదా నేత, నూరు శాతం పత్తి సరిపోతుందని నా అభిప్రాయం. వేడికి పత్తి కొంత కుంచించుకుంటుంది కనుక పరుపుకు సరిగ్గా సరిపోయేది కాకుండా నాలుగు వైపులా జానెడు ఎక్కువ ఉన్నది తీసుకోవాలి.

రంగు దగ్గర చాలామంది ముదురు రంగుకు మొగ్గుతారు, మరక కనిపించదని. మరక కనిపించకపోవడం ఉతికేవారికి నష్టం, ఎక్కడ రుద్దాలో తెలియదు. వెస్టిన్ హోటళ్లు 1999లో ‘హెవెన్లీ బెడ్’ పేరుతో మంచమంతా తెల్లగా మార్చాక తెలుపు హోటళ్లకు ఆనవాయితీ అయింది. అది చూపు కోసం పుట్టిన ఆలోచనే. దాని అసలు లాభం మటుకు లాండ్రీలో ఉంది: తెల్లబట్టకు పోయే రంగు లేదు, వేడినీ బ్లీచినీ అందరి దుప్పట్ల మీదా ఒకేలా వాడవచ్చు, ఒకటి చిరిగితే ఏ జతలోదైనా తెచ్చి వేయవచ్చు. అలాగని తెల్లగా ఉంటే శుభ్రమని కాదు. నీలిమందు ఏ మురికినీ తీయదు, పచ్చదనాన్ని నీలంతో కప్పుతుంది. డిటర్జెంట్లలోని మెరుపు రసాయనాలు ఎండలోని అతినీలలోహిత కాంతిని పీల్చి నీలి వెలుగుగా వదులుతాయి. యూవీ టార్చి పట్టుకుని హోటల్ పక్క మీద మరకలు చూపించే వీడియోలు చూసి బెంబేలెత్తేవారు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి, బాగా ఉతికిన దుప్పటే ఆ టార్చి కింద అన్నిటికన్నా ఎక్కువ మెరుస్తుంది.

మన మరకలకు మన రసాయనశాస్త్రం కావాలి. పసుపు మరకకు సబ్బు తగలగానే ఎర్రబడుతుంది, కర్కుమిన్ క్షారంలో రంగు మారుస్తుంది కాబట్టి. కంగారుపడి బ్లీచి పోయనక్కర్లేదు. జాడించి ఎండలో వేస్తే వెలుగుకే అది విరిగి వెలిసిపోతుంది. బోరునీళ్లలో ఇనుము ఉన్నచోట క్లోరిన్ బ్లీచి ఎదురు తిరుగుతుంది. నీళ్లలో కనిపించకుండా కరిగి ఉన్న ఇనుమును అది తుప్పుగా మార్చి దుప్పటంతా గోధుమరంగు పులుముతుంది. ఎక్కువగా వాడితే సెల్యులోజ్‌నే కోసేస్తుంది, మధ్యలో దుప్పటి పేలికలవడం అలాగే మొదలవుతుంది. 60 డిగ్రీల నీళ్లలో చక్కగా పనిచేసే సోడియం పెర్‌కార్బొనేట్, అంటే ఆక్సిజన్ బ్లీచి, ఇంతకన్నా నెమ్మదైనది. తుప్పు మరకలకు నిమ్మ ఉప్పు. దాన్ని క్లోరిన్ బ్లీచితో మాత్రం ఎప్పుడూ కలపకూడదు, విషవాయువు వస్తుంది. తాగునీటిలో కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉంటే మేలని మన ప్రమాణాల సంస్థ చెబుతుంది. మన ఊళ్లలో చాలా బోర్లు ఆ గీతను ఎప్పుడో దాటాయి. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి కరగని చెక్కుగా మారి పోగుల్లో కూర్చుంటాయి, దుప్పటి బూడిదరంగుకు తిరిగి అట్టలా బిరుసెక్కుతుంది. బిరుసు పోవాలని ఫ్యాబ్రిక్ సాఫ్టెనర్ పోస్తే పోగు మీద జిడ్డు పూత పడుతుంది, పత్తి చెమట పీల్చే గుణం తగ్గుతుంది. ఉతుకులో కొంచెం చాకలిసోడా, ఇంకో జాడింపు మంచిది.

ఎండ ఉంది కదా, ఇంత తతంగం ఎందుకు అనేది ఇంకో మాట. ఎండ గొప్పదే, ఆరబెడుతుంది, సూక్ష్మజీవుల్ని కొంత చంపుతుంది, డబ్బు అడగదు. వానాకాలం, మంచుకాలం అది దొరకదు, చిక్కు అక్కడే. సరిగా ఆరని బట్టల ముక్కవాసన మీద జపాన్ పరిశోధకులు 2012లో ఒక విషయం బయటపెట్టారు. ఆ వాసనకు ముఖ్యకారణం మొరాక్సెల్లా ఆస్లోయెన్సిస్ అనే బ్యాక్టీరియా. ఉతుకులో మిగిలిన జిడ్డు తిని అది వాసన వేసే ఆమ్లాన్ని వదులుతుంది. ఆరబెట్టినా, అతినీలలోహిత కాంతి తగిలినా బాగానే తట్టుకుంటుంది. అంటే ఉతుకులో పోనిదాన్ని ఎండ మీదికి నెట్టలేం. లంబసింగి మంచులో దండెం మీద వేసిన పత్తి దుప్పటి మధ్యాహ్నానికి కూడా చల్లగా తడితడిగానే ఉంటుంది. ఇక్కడ నా వాదన కొంత వంగాలి: డ్రయ్యర్ లేని కొండ ఊళ్లో మూడొంతుల పత్తి, ఒక వంతు పాలిస్టర్ కలిసిన బట్ట నీళ్లు తక్కువ పట్టుకుని త్వరగా ఆరుతుంది, చలిచోట చెమట బాధా తక్కువ. లేదా పచ్చి ఆరీ ఆరనప్పుడే ఇస్త్రీ చేయాలి. కాటన్ గుర్తు దగ్గర ఇస్త్రీపెట్టె అడుగు 200 డిగ్రీల దాకా కాగుతుంది, ఆ చివరి తడి ఆవిరై పోతూ మిగిలినవాటి పనిపడుతుంది.

అయితే లంబసింగి అతిథి ఒంటిని రాత్రంతా తాకేది దుప్పటి కన్నా పైన కప్పుకునే రగ్గు. ఆ బొచ్చు రగ్గులు పాలిస్టర్, తడిస్తే మోయలేం, ఆరవు, అందుకని సీజనంతా ఉతక్కుండానే ఒకరి తర్వాత ఒకరు కప్పుకుంటారు. ఏసీ బోగీల రగ్గులను కనీసం నెలకొకసారి ఉతుకుతామనీ, రగ్గుకు కవరుగా వాడుకోవడానికి అదనంగా ఒక దుప్పటి ఇస్తున్నామనీ 2024 నవంబరులో రైల్వే మంత్రి లోక్‌సభకు చెప్పారు. నెలకొకసారి అన్న మాట మీద అప్పట్లో చాలా వెటకారం నడిచింది గానీ, రెండో దుప్పటి ఆలోచన సరైనదే. రగ్గుకు గుండీలు పెట్టిన పత్తి గలీబు తొడిగి, ప్రతి అతిథికీ ఆ గలీబునే మార్చాలి. రగ్గు ఉతికే నీళ్లు కూడా మిగులుతాయి, కొండమీద అది చిన్న విషయం కాదు. దిండుకూ పరుపుకూ లోపలి తొడుగు ఒకటి, పైన గలీబు ఒకటి. మంచానికి మూడు జతలు ఉండాలి, పక్క మీద ఒకటి, ఉతుకులో ఒకటి, బీరువాలో ఒకటి. పదకొండింటికి గది ఖాళీ చేసి ఒంటిగంటకు ఇంకొకరు దిగే చోట మూడో జత లేకపోతే తడి దుప్పటి పరచాల్సి వస్తుంది. వానాకాలానికి నాలుగో జత కూడా దండగ కాదు. బయట లాండ్రీకి వేసేవాళ్లు ధర కన్నా ముందు అడగాల్సినవి రెండు: నీళ్లు ఎన్ని డిగ్రీలు, మా బట్టలు ఇంకెవరి బట్టలతోనైనా కలుపుతారా అని.

ఇంతా చేసినా ఉతుకు చేయలేని పని ఒకటుంది. నల్లి కాపురం దుప్పటిలో ఉండదు. మంచం అతుకుల్లో, తలవైపు చెక్క వెనక, పరుపు అంచు కుట్టు సందుల్లో ఉంటుంది, రాత్రి భోజనానికే బయటికి వస్తుంది. కాబట్టి దుప్పటి మార్చే మనిషే దాన్ని ముందు పసిగట్టాలి, కుట్టు వెంబడి సిరా చుక్కల్లాంటి నల్లటి మచ్చలను బట్టి. అవి కనిపిస్తే దుప్పట్లు నేలమీద వేసి ఈడ్చకుండా మంచం పక్కనే సంచిలో వేసి మూతి కట్టి, నేరుగా 60 డిగ్రీల ఉతుక్కి పంపాలి. డ్రయ్యర్ ఉంటే బాగా వేడిమీద అరగంట తిప్పినా గుడ్లతో సహా చస్తాయి. ఆ గదికి ఆ రోజు బుకింగులు ఆపి, మంచం విప్పి, పురుగుల మందువాళ్లను పిలిపించాలి.